ఐదు రోడ్ల కూడలి దగ్గర

ఆ డిపోలో అందరూ ఆయనను బాకా మామయ్య అనేవాళ్ళు. పేరు పెట్టింది కుర్ర డ్రైవర్లు. పనిలో చేరిన మొదటి రోజు డిపో గేటు నుంచి మొదటి సిగ్నల్ దాకా, అంటే నడిచి వెళితే నాలుగు నిమిషాల దూరంలో, ఆయన పదకొండు సార్లు హారన్ కొట్టాడు. దారికి అడ్డం వచ్చినవాడు ఒక్కడూ లేడు. "మరెందుకు కొట్టావు మామయ్యా?" అని అడిగితే, "వస్తున్నానని చెప్పొద్దూ?" అన్నాడట. సాయంత్రానికల్లా ఆ ముక్క డిపో అంతా పాకింది.

పాపం, ఆయన తప్పేం లేదు. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు ఆయన సిటీ బస్సు నడిపింది కొండ అవతలి ఊళ్ళో. ఆ ఊరి సంగతి చూసినవాళ్ళకే తెలుస్తుంది. అక్కడా రోడ్డు మీద తెల్లగీతలు ఉంటాయి, గోడకి సున్నం ఉన్నట్టే. పనిగట్టుకుని చూసేవాళ్ళు ఉండరు. ఎడమకి తిరగాల్సినవాడు కుడి చివర నుంచి బయల్దేరతాడు. ఇండికేటరు వేసినవాడు వేసిన సంగతే మరిచిపోయి ఊరు దాటేస్తాడు కాబట్టి, దాన్ని నమ్మినవాడిదే బుద్ధి తక్కువ. అక్కడ హారనే నోరు. చిన్నగా ఒకసారి కొడితే "ఇక్కడున్నాను" అని. రెండుసార్లు కొడితే "వచ్చేస్తున్నాను, కదలకు" అని. ఆపకుండా కొడితే "మీ ఇంట్లోవాళ్ళు నీకు ఇదేనా నేర్పింది" అని. దూరడం, దూరనివ్వకపోవడం, తిట్టడం, తిట్లు తినడం, ఆ వెంటనే చెయ్యెత్తి "సర్లే, పో బాబూ పో" అనడం, అన్నీ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ చేసే పనులే. ప్రాణాంతకమే, కాదనను. కానీ అక్కడ రోడ్డెక్కినవాడికి ఒంటరితనం అంటే ఏమిటో తెలియదు.

ఈ ఊళ్ళో కార్ల అద్దాలు దించరు. నాలుగు దారుల దగ్గర నాలుగు కార్లు వస్తే "ముందు మీరు" అంటే "కాదు, మీరే" అన్నట్టు నాలుగూ ఆగిపోతాయి. చూడటానికి మర్యాదగానే ఉంటుంది. కానీ నియమం తన పక్షాన ఉందంటే చాలు, ఈ ఊరి పెద్దమనిషి ఎదుటి బండికి జానెడు సందు కూడా ఇవ్వడు. గుద్దించుకుని అయినా సరే, తానే ఒప్పని తేల్చుకుంటాడు. మన చక్రం గీత తొక్కితే నోరెత్తి ఒక్క మాట అనడు. ఫొటో తీసి పంపుతాడు. తొమ్మిదో రోజున జరిమానా ఉత్తరం వస్తుంది. తిట్టడానికి నోరు రాదు గానీ, చాడీ చెప్పడానికి వేలు వస్తుంది.

మామయ్యకి మొదటి ఉత్తరం నాలుగో వారంలోనే వచ్చింది. "మా ఊళ్ళో అయితే బండి పక్కకి తీసి మొహం మీదే తిట్టేవాడు. నేనూ నాలుగు అనేవాణ్ణి. అక్కడితో సరిపోయేది," అని వాపోయాడు. ఇక్కడ తన మీద కోపం వచ్చినవాడి మొహం కూడా ఆయన చూడలేదు.

ఇంతకీ ఈ ఊరికి ఎందుకొచ్చాడంటే, కావాలని రాలేదు. ఆ ఊళ్ళో రెండు డిపోల్లో ఒకటి మూసేసి, కంపెనీ అందులోని డ్రైవర్లని తలో దిక్కుకీ పంపేసింది. ఆయన భార్య మాత్రం అక్కడే ఉండిపోయింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ గదుల కత్తులూ కత్తెరలూ కడిగి, ఒక్కోటీ వెలుతురుకి పట్టి చూసి, గుడ్డలో చుట్టి, ఆవిరిపెట్టెలో పెట్టే పని ఆమెది. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. వదులుకుంటే మళ్ళీ దొరికే ఉద్యోగం కాదు. ఆయనకి సెలవు మంగళవారం, ఆమెకి ఆదివారం. కొండదారిలో రెండు బస్సులు మారి వెళ్ళేసరికే పగలంతా గడిచిపోయేది. అలా వెళ్ళింది ఏడాదిలో అయిదు సార్లు. పెళ్ళైన ఇరవై నాలుగేళ్ళకి వాళ్ళది ఫోన్ల కాపురం అయింది.

సాయంత్రం ఆరుంబావుకి ఆమెకి టీ విరామం. ఆసుపత్రి మెట్ల మలుపులో రోడ్డు వైపు కిటికీ ఒకటి ఉంది. అక్కడ నిలబడి ఫోన్ చేసేది.

"తిన్నారా?"

"తిన్నాను. నువ్వు?"

"ఆ. ఇంకేంటి?"

"ఏముంటాయి ఇక్కడ. ఫోను కాస్త కిటికీ బయట పెట్టు."

"మళ్ళీనా?"

"పెట్టవే, ఒక్క నిమిషం."

ఆమె నవ్వుకుంటూ చెయ్యి బయటికి చాచేది. ఆయన తన అద్దెగదిలో మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ రొదంతా చెవిలో పడుతుంటే గుండె నెమ్మదించేది. "అదిగో ఇరవై మూడో నంబరు. దాని క్లచ్చు ఇంకా బాగుచెయ్యలేదే!" అనేవాడు. ఆ మోతంతా ఆమె పక్కనుంచి పోతున్న మోత. అందుకని అది ఆయనకి కావాలి. ఊరి మీద బెంగ అని అందరికీ చెప్పుకునేవాడు గానీ, అది భార్య మీద బెంగ. యాభై రెండేళ్ళ మనిషి ఆ మాట కుర్రాళ్ళ ముందు ఎలా చెబుతాడు?

ఆ ఏడాది చివర్లో కొండని తొలిచి వేసిన కొత్త రోడ్డు తెరిచారు. రెండు ఊళ్ళ మధ్య నేరుగా బస్సు వేస్తున్నామని కంపెనీ బోర్డు మీద కాగితం అంటించింది. రోజు విడిచి రోజు ఉదయం ఎనిమిదికి బయలుదేరి ఒంటిగంటకి ఆ ఊరి బస్టాండు చేరాలి. రెండున్నరకి తిరుగు ప్రయాణం. మామయ్య ఆ కాగితం ముందు నిలబడి మనసులోనే లెక్క వేశాడు. బస్సు చేరేది ఒంటిగంటకి. ఆమె డ్యూటీ రెండింటికి. బస్టాండు నుంచి ఆసుపత్రికి పది నిమిషాల నడక. అంటే యాభై నిమిషాలు. రోజు విడిచి రోజు యాభై నిమిషాలు! బస్టాండులో సిమెంటు బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఒకే డబ్బాలోంచి తినొచ్చు. ఏడాదిగా గోడకేసి చూస్తూ తిన్నవాడికి అంతకన్నా ఏం కావాలి?

అయితే ఆ రూటు కావాలంటే ఎర్రపెన్ను మేడం పరీక్ష పాసవ్వాలి. ఆవిడ కంపెనీలో డ్రైవర్లకి పాఠాలు చెప్పే మనిషి. నలభై దాటి ఉంటుంది. ఒళ్ళో అట్ట, చేతిలో ఎర్రపెన్ను పెట్టుకుని పక్కసీట్లో కూర్చుంటే, కొమ్ములు తిరిగిన డ్రైవర్లు కూడా గేరు మార్చడం మరిచిపోయేవాళ్ళు. మొదటి పరీక్షలో మామయ్య పందొమ్మిది హారన్లు కొట్టి తప్పాడు. రెండో పరీక్షలో హారన్ జోలికి పోలేదు. కానీ జీబ్రా గీతల దాటుదారి దగ్గర చేతికర్రతో ఒక ముసలావిడ నిలబడితే, బస్సు చక్కగా ఆపి, కిటికీలోంచి చెయ్యి ఊపి "రా పెద్దమ్మా, రా" అన్నాడు. ఎర్రపెన్ను కరకరమంది.

"దారి ఇచ్చాను కదా మేడం!" అన్నాడు, ఏడుపొక్కటే తక్కువ.

"ఇవ్వాలి. రమ్మని పిలవకూడదు. మిమ్మల్ని నమ్మి ఆవిడ దిగుతుంది. పక్క వరసలో వచ్చేవాడు ఆగకపోతే? అప్పుడు ఆవిడని గుద్దింది వాడే. చంపింది మాత్రం మీరు."

ఇరవై ఆరేళ్ళలో ఎంతమందిని అలా చెయ్యి ఊపి దాటించాడో మామయ్య లెక్కపెట్టబోయి, మధ్యలోనే ఆపేశాడు. అందరూ క్షేమంగా దాటారంటే అది తన గొప్ప కాదని ఆ రోజు మొదటిసారి తెలిసింది.

ఇక తాడో పేడో తేల్చుకోవాలని కూర్చున్నాడు. అక్షరాలా కూర్చున్నాడు. గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, బక్కెట్టు మూత స్టీరింగులా పట్టుకుని, బొటనవేలు హారన్ వైపు పోకుండా దారంతో పక్కవేలికి కట్టేసుకుని, రోజూ రెండు గంటలు గోడ మీదికి బస్సు నడిపాడు. "అద్దం చూశాను. ఎడమ చూశాను. ముందు బండికి రెండు సెకన్ల దూరం ఉంచాను. వాడు దూరాడు, దూరనిచ్చాను. మళ్ళీ దూరం ఉంచాను," అని పైకి చెప్పుకునేవాడు. పక్కగది అతను తలుపు సందులోంచి చూసి, ఇంటివాళ్ళకి ఫోన్ చేయనా అని అడిగాడు. ఫోన్లో భార్యకి ఇదంతా చెబితే ఆమె నవ్వి నవ్వి, చివరికి "పాసవ్వండి," అంది మెల్లగా. ఆ ఒక్క మాట ఆయనకి రాత్రంతా నిద్ర లేకుండా చేసింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మామయ్య విషయంలో ఆ మాట అబద్ధమైంది. మూడో పరీక్షలో ఎర్రపెన్ను మూత తియ్యాల్సిన పని పడలేదు.

"మొదటి నెల జాగ్రత్త," అంది మేడం సంతకం పెడుతూ. "బస్సులో పెట్టె ఉంటుంది. ముందు ఏం జరుగుతోందో బొమ్మ తీస్తూ ఇక్కడికి పంపుతుంది. అనవసరంగా హారన్ కొట్టినా, దగ్గరగా దూర్చినా కూత పెడుతుంది. నెలలోపల ఒక్క కూత పడినా రూటు తర్వాతి వాళ్ళకి పోతుంది."

"ఆ ఊళ్ళో కూడానా మేడం?"

"బస్సు మన ఊరిది. ఎక్కడికి వెళ్ళినా మన నియమమే."

మొదటి ప్రయాణం రోజున మామయ్య గడ్డం రెండుసార్లు గీసుకున్నాడు. కొత్త రోడ్డు మీద బస్సు నీళ్ళ మీద పడవలా పోయింది. పన్నెండున్నరకి ఆ ఊరి మొదటి ఇళ్ళు కనిపించాయి. మొదటి హారన్ మోత చెవిన పడగానే ఆయనకి కళ్ళు చెమర్చాయి. పన్నెండూ నలభైకి ఐదు రోడ్ల కూడలి చేరాడు. దాన్ని చుట్టి అవతల వీధిలోకి తిరిగితే బస్టాండు. మామూలుగా అయితే నాలుగు నిమిషాల పని.

మామయ్య గీత దగ్గర ఆగాడు. ఆ కూడలిలో గీత ఉందని ఆ రోజు దాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు. చుట్టూ తిరిగే బండ్లకి ముందు దారి ఇవ్వాలి, సందు దొరికాక కదలాలి. నేర్చుకున్నది అదే. కానీ సందు దొరికితే కదా! ఆయన ముందు వదిలిన రెండు సెకన్ల దూరంలోకి ఒక ఆటో వచ్చింది. దాని వెనక రెండు స్కూటర్లు. ఆ వెనక ఒక రిక్షాబండి మీద, పక్కకి పడుకోబెట్టిన ఫ్రిజ్జు. మళ్ళీ దూరం ఉంచాడు. మళ్ళీ నిండిపోయింది. ఒంటిగంట అయింది. ఒంటిగంటా పది అయింది. బస్సు తన పొడవులో సగం కూడా కదల్లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే జరిగింది.

వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. పక్కన ఒక లారీ డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "బాబాయ్! బండి చచ్చిపోయిందా, నువ్వా?"

ఏడాది తర్వాత మొహం మీద పడ్డ మొదటి తిట్టు. మామయ్యకి ప్రాణం లేచొచ్చింది. అద్దం దించి నవ్వాడు కూడా.

"నవ్వుతావేంటి? దూర్చెయ్! ఊరికి కొత్తా?"

ఆ మాటతో నవ్వు ఆరిపోయింది. ఈ కూడలిని ఇరవై ఆరేళ్ళు రోజుకి పన్నెండు సార్లు చుట్టిన మనిషిని పట్టుకుని, కొత్తా అంటాడు!

ఎలా దూర్చాలో ఆయన చేతులకి తెలుసు. రెండు హారన్లు, స్టీరింగు ఒక మూరెడు ఎడమకి, ఎదుటివాడి కళ్ళలోకి ఒక చూపు. అంతే, మూడు నిమిషాల్లో బస్టాండు. చెయ్యి హారన్ దాకా వెళ్ళింది. నెత్తిమీద పెట్టె పచ్చదీపం వెలిగించుకుని కూర్చుని ఉంది. ఇవాళ్టి గంట కోసం కొడితే, ఇక ముందు రావలసిన గంటలన్నీ పోతాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సంచిలో ఫోను మోగింది. నడుపుతూ ఎత్తకూడదు. ఆగి, మళ్ళీ మోగింది. అది ఎవరో ఆయనకి తెలుసు. బస్టాండులో సిమెంటు బల్ల మీద డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. మూడోసారి మోగి ఆగిపోయింది. గడియారం ఒంటిగంటా ముప్పై చూపించింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆ తెల్లబస్సు ఒక్కటే నియమం పట్టుకుని నిలబడింది. మామయ్య స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఏడవకుండా ఉండటానికి అద్దాలు చూశాడు. ఎడమ చూశాడు. కుడి చూశాడు.

ఒంటిగంటా ముప్పై ఎనిమిదికి ఆటోల, స్కూటర్ల మధ్యలోంచి లేతపచ్చ చొక్కా ఒకటి కనిపించింది. ఆసుపత్రి యూనిఫారం. ఒక చేతిలో డబ్బా. బస్టాండులోకి వచ్చిన వేరే డ్రైవరు ఎవరో, "కూడలి దగ్గర ఒక పిచ్చివాడు బస్సు ఆపుకుని వచ్చేపోయేవాళ్ళందరికీ దారి ఇస్తున్నాడు" అని చెప్పాడట. విన్న వెంటనే ఆమెకి ఎవరో తెలిసిపోయింది.

ఆమె సరాసరి బస్సు ముందుకి వచ్చింది. ఆయన వైపు ఒక్కసారి చూసింది, అంతే. వెంటనే అటు తిరిగి, కుడిచెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపించింది. ఆ ఊళ్ళో ఎర్రదీపానికి ఎవడూ ఆగడు. పోలీసు ఈలకి ఆగడు. కానీ ఎదురుగా ఒక మనిషి నిలబడి చెయ్యెత్తితే ఆగుతాడు. తిట్టుకుంటూనైనా ఆగుతాడు.

"ఆగవయ్యా, ఆగు! ఇంట్లో పాలేమైనా పొంగిపోతున్నాయా? ఏయ్ స్కూటరూ, నీకే చెప్పేది!"

లారీ ఆగింది. స్కూటర్లు ఆగాయి. ఆమె నాలుగడుగులు వేసింది. మామయ్య మొదటి గేరులో, ఆమెకీ బస్సుకీ మధ్య చాలినంత దూరం ఉంచి, వెనకాలే కదిలాడు. పెట్టె కిక్కురుమనలేదు.

అలా ఆమె ముందూ బస్సు వెనకా, కూడలి అంతా చుట్టారు. ఏడాదిగా ఆయన ఆ మొహం కోసం మొహం వాచిపోయి ఉన్నాడు. దొరికింది వీపు. ఆమె వెనక్కి తిరగడానికి లేదు. తిరిగితే ముందున్నవాడు దూరేస్తాడు. అందుకని ఆ వీపునే చూశాడు. చొక్కా భుజం దగ్గర కుట్టు విప్పి మళ్ళీ కుట్టుకుంది. జడలో తెల్లవెంట్రుకలు పెరిగాయి. ఎడమకాలు కొంచెం ఎత్తి వేస్తోంది. ఆ నొప్పి సంగతి ఫోన్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎత్తిన చెయ్యి నొప్పెట్టినప్పుడు డబ్బా ఈ చేతికి మార్చుకుని ఆ చెయ్యి ఎత్తుతోంది. వెళ్ళి ఆ డబ్బా అందుకోవాలనిపించింది. మధ్యలో అద్దం ఉంది. స్టీరింగు ఉంది. వెనక ముప్పై ఏడుమంది ప్రయాణికులు ఉన్నారు.

బస్టాండు వీధి మలుపులో ఆమె పక్కకి తప్పుకుని డ్రైవరు కిటికీ కిందికి వచ్చింది. ఒళ్ళంతా చెమట. ఊపిరి ఆడటం లేదు. ఆయన ఏదో అనబోయాడు.

"ఏం డ్రైవరువయ్యా నువ్వు!" అంది ఆమె. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా 'నువ్వు' అనని మనిషి, రోడ్డు మీద అందరూ అందరినీ తిట్టినట్టే తిట్టింది. "ఎక్కడ నేర్చావు? ఊరంతా పోయాక వెళ్దామనుకున్నావా? గంటసేపు ఆ బల్ల మీద..." మాట సగంలో వదిలేసి మునివేళ్ళ మీద లేచి డబ్బా పైకి అందించింది.

ఆయన వంగి అందుకున్నాడు. ఆమె వేళ్ళు ఎప్పటిలాగే ఆవిరికి తెల్లబడి ముడతలు పడి ఉన్నాయి. అవి తగిలినంతసేపే తగిలాయి.

"తిను నువ్వు కూడా," అన్నాడు.

"టైమేదీ? రెండింటికి నేను లోపల ఉండాలి." ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగి, "ఎల్లుండి ముందే వస్తా, ఈ కూడలికే," అని అరిచి, బండ్ల మధ్యలోకి వెళ్ళిపోయింది. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. మామయ్య అద్దం చూసి, ఎడమ చూసి, కదిలాడు.

బస్టాండులో ప్రయాణికులు దిగిపోయాక సిమెంటు బల్ల మీద ఒక్కడే కూర్చుని డబ్బా విప్పుతుండగా ఫోను మోగింది. ఎర్రపెన్ను మేడం.

"యాభై నిమిషాలు ఆలస్యం. కానీ తప్పులేం పడలేదు. బాగుంది," అంది. కాగితం తిప్పిన చప్పుడు. "ఒక్కటి అర్థం కాలేదు. కూడలిలో ఒకావిడ ఏడు నిమిషాలు బస్సుకి అడ్డంగా నడిచినట్టు బొమ్మలో కనిపిస్తోంది. మీరు ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు."

"లేదమ్మా."

"మనిషి అడ్డం ఉంటే కొట్టొచ్చు. అది అనవసరం కిందికి రాదు. మీకు చెప్పాను కదా. ఎందుకు కొట్టలేదు?"

మామయ్య డబ్బా మూత మళ్ళీ మెల్లగా పెట్టేశాడు.

"కొడితే తప్పుకునేదమ్మా."